కరుంబే మీద ఇల్లు

ఐసు ఇంకా సరిగ్గా గట్టిపడలేదు, రాత్రి మళ్ళీ కరెంటు పోయి ఉంటుంది, ఉత్తరపు గాలి వీచే రోజుల్లో ఆసున్సియోన్‌లో కరెంటు నిలవడమే వింత, పోనీ, ఉన్న ముక్కలే కూజాలో వేద్దాం, రోట్లో నిమ్మగడ్డి వేసి నాలుగు పోట్లు వేస్తే చాలు, ఎక్కువ నలిగితే చేదెక్కుతుంది, చల్లటి ఆకుల కషాయం, తెరెరె, చేదెక్కితే కతలీనో మొహం చిన్నపిల్లాడిలా ముడుచుకుంటుంది, అసలు ఇవాళ నా చేతినుంచి తీసుకుంటాడో లేదో, నిన్న తీసుకోలేదు, నిన్న గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడితే గోడవైపు జరిగాడు, మొన్న కూడా జరిగాడు, మొన్న నేను చూడనట్టు ఊరుకున్నాను, అదిగో, లేచినట్టున్నాడు, మంచం కిర్రుమంది, ఇప్పుడు కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటాడు, ఈ గది ఎవరిదా అని ఒకసారి చుట్టూ చూస్తాడు, అప్పుడు టీవీ కింద ఆటల మెషిన్ కనిపిస్తుంది, అది కనిపించగానే భుజాలు తేలికపడతాయి, ఈ ఇంట్లో అతనికి తెలిసినవి రెండే, అదీ నేనూ, ఇప్పుడు మీట నొక్కుతాడు, ఆట సంగీతం మొదలవుతుంది, అది మొదలైందంటే ఇక నాకు కాసేపే మిగిలినట్టు, ఆ తర్వాత పిలుస్తాడు.

నీమియా, కొండ ఏదీ, రోజూ ఇవే మాటలు, మొదటిసారి అడిగినట్టే అడుగుతాడు, అతనికి అది మొదటిసారే కనక, నాలుగేళ్ళ కిందట జ్వరం మెదడుకి పాకినప్పుడు ఆ పొడుగాటి డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది, మీ ఆయన బతుకుతాడమ్మా, పాతవన్నీ గుర్తుంటాయి, కొత్తవే నిలవవు, ఇప్పుడు చెప్పింది కాసేపటికి ఉండదు, నేను తల ఊపాను, బతుకుతాడన్న మాట తప్ప ఇంకేమీ వినలేదు, ఇంటికి తెచ్చుకున్నాక తెలిసింది, పొద్దున్న లేవగానే బార్జీలు ఎప్పుడు బయల్దేరుతున్నాయి నీమియా అంటాడు, నదిమీద పడవకి దారి చూపినవాడు, సోయా నింపిన బార్జీలని వరసగా కట్టి రొసారియో దాకా నెట్టుకెళ్ళేటప్పుడు ఏ మలుపులో లోతో ఏ మలుపులో ఇసుక మేటో నీళ్ళ రంగు చూసి చెప్పినవాడు, ఇంకా సెలవులున్నాయి కతలీనో అంటాను, సరే అంటాడు, వాళ్ళమ్మ పోయిన సంగతి చెప్పిన ప్రతిసారీ కొత్తగా కుప్పకూలిపోతుంటే చెప్పడం మానేశాను, ఊళ్ళో ఉంది, కోళ్ళని చూసుకుంటోంది, నిన్నడిగింది అంటాను, అమ్మ విషయంలో అబద్ధం సాగింది, అమ్మ ఊళ్ళో ఉంది కనక కంటికి కనబడదు, కొండ అలా కాదు, కొండ ఎదురుగా టీవీలో లేదు.

మొదలైంది సంగీతం, ఇప్పుడు నల్లటి తెరమీద చుక్కలు పరిగెడుతుంటాయి, ఈ ఆట మా ఇంటికి తెచ్చింది డెర్లిస్, మా మరిది, నది రేవులో క్రేను నడుపుతాడు, సహోనియాలో మా పాత ఇంట్లో అన్నదమ్ములిద్దరూ చొక్కాలు విప్పేసి ఫ్యాను కింద కూచుని ఓడ వేసుకుని ఆకాశమంతా తిరిగేవాళ్ళు, ఎన్ని గ్రహాలుంటాయిరా అంటే లెక్కే లేదు వదినా, ఎవరూ కూచుని గీసినవి కావు, లెక్కల్లోంచి వాటంతట అవే పుడతాయి, మనం వెళ్ళి దిగేదాకా అక్కడ ఏముందో చేసినవాళ్ళకే తెలీదు అనేవాడు, మరి చేసినవాళ్ళకే తెలీనిదాన్ని మీరు పాడుచేస్తారా అని నేను నవ్వేదాన్ని, అలా ఎవరికీ తెలియని గ్రహం ఒకటి కతలీనోకి దొరికింది, పొద్దుగూకే వేళ రంగు ఆకాశం, మోకాలెత్తు ఊదా గడ్డి, మందలు మందలుగా ఆరుకాళ్ళ జంతువులు, నది, నది ఒడ్డున తాబేలు డిప్పలాంటి కొండ, ఆ గ్రహానికి కరుంబే అని పేరు పెట్టాడు, మన భాషలో తాబేలు, ఆ పేరు తెరమీద పడగానే వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి నన్ను గాల్లోకి లేపాడు, చేతినిండా కర్రపెండలం పిండి, వదులు, వదులంటుంటే అని మొత్తుకున్నా వదల్లేదు, ఆ తర్వాత నదిమీదనుంచి సెలవుకొచ్చిన ప్రతిసారీ ఆ కొండమీద ఇల్లు కట్టాడు, నదిలోకి రేవు కట్టాడు, పడవలే లేని గ్రహంలో రేవెందుకయ్యా అంటే, ఎవరైనా వస్తే నీళ్ళలోకి దూకమంటావా అన్నాడు, అదంతా జ్వరానికి ముందు, అందుకే అదంతా ఉంది, ఇప్పటికీ అతని లోపల రాయిలా ఉంది.

ఆసుపత్రి తర్వాత సహోనియా ఇల్లు అమ్మేశాం, సాన్ లొరెన్సో బస్సు దారిలో ఈ రెండు గదులు తీసుకున్నాం, ఎన్నాళ్ళైనా కతలీనోకి ఇది పరాయి ఇల్లే, స్నానాలగది అనుకుని బట్టల బీరువా తెరుస్తాడు, గోడమీద నేను ఎర్రరంగుతో బాణం వేస్తే ఎవరీ గోడ పాడుచేసింది అని తిడతాడు, ఒకసారి వీధి గుమ్మం దాకా వెళ్ళి నిలబడి, వెనక్కి తిరిగి, నది ఎటువైపు నీమియా అన్నాడు, సిగ్గుపడుతూ, కొత్త చుట్టం మంచినీళ్ళు అడిగినట్టు అడిగాడు, నదికి దారి అడిగే కతలీనో, నేను స్నానాలగదిలో కొళాయి తిప్పుకుని ఏడ్చాను, కానీ మీట నొక్కి కరుంబేలో దిగాడా, ఇక వేరే మనిషి, రెండో కంట్రోలర్ నా చేతిలో పెట్టి, రా నీమియా, నా వెనకే రా, అక్కడ బురద, జారతావు, ఇటు కుడికి, ఇదిగో మెట్టు, అని వెనక్కి నడుస్తూ కూడా చూడకుండా చెప్పేవాడు, పసుపురంగు దుస్తుల్లో నా బొమ్మ తడబడి గుంటలో పడితే పగలబడి నవ్వేవాడు, నీకంటే ఆ ఆవులు నయం అనేవాడు, ఆరుకాళ్ళవాటిని ఆవులే అనేవాడు, కరుంబేలో వానొస్తే ఇద్దరం ఆ ఇంట్లోకి దూరి కిటికీలోంచి చూస్తూ కూచునేవాళ్ళం, ఇక్కడ మంచంమీద భుజాలు ఆనించుకుని, ఒకరోజు అలా కూచుని ఉండగా అన్నాడు, నేనేదో పోగొట్టుకున్నాను నీమియా, ఏమిటో తెలీదు, ఇక్కడికొస్తే మాత్రం అన్నీ ఉన్నట్టే ఉంటుంది, అని, తిరిగి వానవైపు చూశాడు, పగలంతా నేను అతన్ని చెయ్యిపట్టి నడిపిస్తే ఆ కాసేపు అతను నన్ను నడిపించేవాడు, మీ ఆయనెలా ఉన్నాడని బస్సులో ఎవరైనా అడిగితే బాగున్నాడనేదాన్ని, అబద్ధం కాదు, నా కాపురం అక్కడ బాగానే ఉండేది.

ఇంజను హోరు, గ్రహం దగ్గరికి వస్తున్నాడు, ఇంకా దిగలేదు, ఆ మెషిన్‌ని ఇన్నేళ్ళూ మేం నెట్‌కి కలపలేదు, డెర్లిస్ ముందే చెప్పాడు, కలిపావా, అప్‌డేట్ దిగుతుంది వదినా, అది దిగితే కరుంబే కరుంబేలా ఉండదు, నేను ఆ తీగని పీకి చెత్తలో పారేశాను, నెట్‌కి మాత్రం కలపొద్దని వచ్చినవాళ్ళందరికీ చెప్పేదాన్ని, అంత జాగ్రత్త పడితే క్రిస్మస్ ముందు గాలివాన వచ్చింది, పిడుగు మా వీధి స్తంభంమీదే పడాలా, కరెంటు పోయి ఒక్కసారి ఎగదన్నుకుంటూ వచ్చింది, మెషిన్‌లోంచి కాలిన వాసన, దాన్ని దుప్పట్లో చుట్టి పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి నాలుగో నంబరు మార్కెట్‌కి వెళ్ళాను, సుల్మా దగ్గరికి, టీవీలూ ఆటల మెషిన్లూ బాగుచేస్తుంది, విప్పి చూసి, లోపలంతా బూడిదే అక్కా అంది, మీ ఆయన ఆడిన గుర్తులున్న ముక్క ఒక్కటీ బతికింది, వేరే మెషిన్‌లో పెట్టి ఆట మళ్ళీ దించుతాను, అంది, పాత ఆటే దించుతావా అన్నాను, పాతది ఎవరిస్తారక్కా, ఇవాళ ఉన్నదే దిగుతుంది, మరి కరుంబే ఎక్కడో దాచి ఉంటుంది కదా, అది తెచ్చి ఇందులో పెట్టలేవా, సుల్మా స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది, ఎదురు దుకాణంలో పాటలు పెద్దగా వినిపిస్తుంటే ముందుకి వంగి చెప్పింది, ఎక్కడా ఉండదక్కా, ఉండేది ఒక అంకె, ఆ అంకెని ఆట తన లెక్కలో వేసి తిప్పితే కొండలూ నదులూ వస్తాయి, వీళ్ళు లెక్క మార్చారు, అంకె అదే, వచ్చే లోకం వేరు, మీ ఆయన కట్టిన ఇల్లు మాత్రం కట్టినచోటే ఉంటుంది, దాని కింద ఏముంటుందో నేను చెప్పలేను.

మొదటి రోజు పక్కనే కూచున్నాను, ఏమీ మారి ఉండదులే అని ఒక పిచ్చి ఆశ, ఓడ దిగింది, తలుపు తెరుచుకుంది, కతలీనో ఎప్పటిలా రెండడుగులు వేసి కుడికి తిరిగి ఆగిపోయాడు, గడ్డి లేదు, కనుచూపు మేర ఆకుపచ్చటి సముద్రం, ఇల్లు ఉంది, గాల్లో ఉంది, కొండని కిందనుంచి లాగేసినట్టు ఉత్త గాల్లో వేలాడుతోంది, మెట్లు దిగి దిగి ఎక్కడా ఆనకుండా ఆగిపోయాయి, రేవు నీళ్ళ అడుగున ఉంది, దానిమీదుగా రెక్కల చేపల్లాంటివేవో గుంపుగా పోతున్నాయి, నీమియా, కొండ ఏదీ, అన్నాడు, నిజమే చెప్పాను, చెయ్యి పట్టుకుని మెల్లగా, ఆట చేసేవాళ్ళు లోకాన్ని మార్చారు కతలీనో, ఎవర్నడిగి, అన్నాడు, ఎవర్నడిగి మార్చారు, మరి ఆవులేవి, ఆవుల్ని ఏం చేశారు, అని వెక్కి వెక్కి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, కాసేపటికి మోచేత్తో కళ్ళు తుడుచుకుని తెరవైపు చూశాడు, నీమియా, కొండ ఏదీ, అన్నాడు.

మర్నాడు వరద వచ్చింది, తీసేస్తుందిలే అన్నాను, నదిమీద బతికినవాడు నన్ను చూసి నవ్వాడు, కొండని మింగే వరద ఎక్కడుంటుందే పిచ్చిదానా, అన్నాడు, ఆ నవ్వు మొహంమీదే ఉండగా కళ్ళల్లోకి భయం వచ్చింది, ఇంకోరోజు తప్పు గ్రహానికి వచ్చావన్నాను, అంకె చదివి చూసుకున్నాడు, అది అతనికి కంఠతా వచ్చు, నాకు దారి చెబుతున్నావా అని చెయ్యెత్తాడు, కొట్టలేదు, ఎత్తిన చేతిని తనే ఆశ్చర్యంగా చూసుకున్నాడు, ఆ తర్వాత మెషిన్ దాచేశాను, టీవీ కింద ఖాళీ చోటుని తడిమి తడిమి, దొంగలు పడ్డారంటూ వీధిలోకి పరిగెత్తాడు, బస్సుల మధ్య నిలబడి ఇంటికి దారి అడుగుతుంటే చిపా రొట్టెలమ్మే ఆవిడ గంప దించి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, మళ్ళీ మెషిన్ తెచ్చి పెట్టక ఏం చెయ్యను, డెర్లిస్ వచ్చి, అన్నయ్యా, కొత్త గ్రహం చూద్దాం రా, జలపాతాలున్నాయి అని పక్కన కూచున్నాడు, అన్న బాగానే నడిచాడు, చెట్లు చూశాడు, వెనక్కి తిరిగేసరికి ఓడ ఎక్కడ దింపాడో గుర్తులేదు, ఎక్కడున్నాంరా, ఇదెవరి నేల, అని కంట్రోలర్ వదిలేశాడు, ఈ ఇంట్లో బీరువా తెరిచి నిలబడినప్పటి మొహమే అది, అతనికి కొత్త గ్రహం ఎప్పటికీ కొత్తదే, ఇల్లు కాదు.

ఆ రోజే డెర్లిస్‌ని వంటింట్లో కడిగేశాను, మీ ఆటవాళ్ళకి రాశావా లేదా, రాశాను వదినా, జవాబు కూడా వచ్చింది, ఏమని, మీ ప్రయాణంలో మేమూ భాగమైనందుకు సంతోషం, కొత్త విశ్వం మీకోసం ఎదురుచూస్తోంది అని, నేను నవ్వాను, ఆ నవ్వుకి వాడు రెండడుగులు వెనక్కి వేశాడు, నావీ రెండు గ్రహాలు పోయాయి వదినా, నేనూ తిట్టుకున్నాను, కానీ కొన్నాళ్ళకోసారి మార్చకపోతే జనం ఆడరు, ఆడకపోతే ఆట మూతపడుతుంది, అన్నయ్యలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పు, మూతపడనీ అన్నాను, అది కాదు వదినా, సముద్రాలు కావాలా అని మమ్మల్నడిగారు, ఓట్లు పెట్టారు, కావాలన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, అని తలవంచుకున్నాడు, ఎవర్నడిగి అన్న కతలీనో ప్రశ్నకి జవాబు అలా నా వంటింట్లోనే దొరికింది, వాణ్ణి అనడానికి మాత్రం నోరు రాలేదు, ఎందుకంటే అప్పటికే నేను కూడా ఒక పని చేశాను, కతలీనో మధ్యాహ్నం నిద్రపోతుంటే ఒంటరిగా అక్కడికి వెళ్ళాను, పసుపు దుస్తుల్లో ఆ మెట్ల చివరినుంచి నీళ్ళలోకి దూకాను, రేవు వెతుక్కుంటూ కిందికి ఈదాను, వెలుగు పైనుంచి పచ్చగా జారుతోంది, రెక్కల చేపలు నా చుట్టూ తిరిగి వెళ్ళాయి, ఎంత అందంగా ఉందంటే ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను, ఇది లేకుండా ఎవరో ఎందుకుండాలి, ఇది చూసి ఎక్కడో ఏ ఇంట్లోనో ఒక ఆడది కేకేసి మొగుణ్ణి పిలిచి ఉండదా అనిపించింది, వెంటనే రేవు గుంజ చేతికి తగిలింది, కంట్రోలర్ పక్కన పడేసి చీకటి తెర ముందు కూచున్నాను, వెనక మంచంమీద అతను నిద్రలో కూడా మూలుగుతున్నాడు.

అదొక్కటీ నాకు అర్థం కాదు, ఎందుకేడ్చాడో మర్చిపోతాడు కదా, మరి సాయంత్రం దాకా ఆ మూలుగు ఎక్కడిది, డాక్టరమ్మకి ఫోన్ చేశాను, సంగతి పోతుందమ్మా, బాధ పోదు, ఒంట్లో ఉండిపోతుంది, అంది, ఉండిపోవడం కళ్ళారా చూస్తున్నాను, చొక్కాలు వదులయ్యాయి, తినడు, ఫ్యానుకేసి చూస్తూ కూచుంటాడు, అది కూడా సహించాను, సహించలేనిది నిన్న విన్నాను, డెర్లిస్ ఎన్కర్నాసియోన్ బస్సెక్కబోతూ అన్నని చూడ్డానికి వస్తే గదిలోంచి మాటలు వినిపించాయి, నీమియా మంచిదేరా, అన్నాడు కతలీనో, గొంతు తగ్గించి, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు, దానికేం లోటు చెయ్యలేదు నేను, కానీ అది గదిలోకి వస్తే గుండె దడదడలాడుతుందిరా, ఎందుకో చెప్పు, నాకేమైనా చేసిందా అది, డెర్లిస్ ఏమన్నాడో వినలేదు, చేతిలో కర్రపెండలం గిన్నె ఉంది, అది నేలమీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాను, జ్వరం నన్ను ముట్టుకోలేదు, నా పేరు, మా పెళ్ళిరోజు వాన, నా కాలిమీద మచ్చ, అన్నీ అతనికి వదిలిపెట్టింది, ఇప్పుడు ఏమొచ్చిందో ఆ మిగిలింది కూడా తినేస్తోంది.

ఫోన్, డెర్లిస్, తడిచెయ్యి ఏప్రాన్‌కి తుడుచుకుని నడవలోకి వచ్చాను, ఎన్కర్నాసియోన్‌లో వాడి ఆట స్నేహితుడి ఇంట్లో ఎప్పుడూ నెట్‌కి కలపని పాత మెషిన్ ఒకటి ఉందని తెలిసి వెళ్ళాడు, కరుంబే అంకె వేసి చూస్తాను, వస్తే మెషిన్‌నే మోసుకొస్తానన్నాడు, రాత్రంతా నేను ఆ మెషిన్ ఎక్కడ పెట్టాలో ఆలోచించాను, పిడుగు పడితే తగలకుండా, చెప్పు డెర్లిస్ అన్నాను, పెట్టి చూశాను వదినా, అంకె సరిగ్గా వేశావా, వేశాను, చెరిపి మళ్ళీ వేశాను, ఏముంది మరి, మంచు, అన్నాడు, ఉత్త మంచు, కొండా లేదు, నదీ లేదు, ఇది మరీ పాతది వదినా, కరుంబే ఇందులో ఇంకా పుట్టనే లేదు, మధ్యలో ఎక్కడో కొన్నాళ్ళే ఉంది అది, ఇక ఎక్కడా లేదు, లోపల ఓడ నేలమీద ఆనిన చప్పుడైంది, దిగాడు, ఎవరి దగ్గరా ఉండదా అన్నాను, ఏమో వదినా, నాకు తెలిసినంతలో లేదు, నీకు గుర్తుందా, అన్నయ్య మొదటి గ్రహం, కరుంబేకి ముందుది, అదీ ఇలాగే ఒక అప్‌డేట్‌లో పోయింది, వారంపాటు అన్నం దగ్గర కూచుని వాళ్ళని బూతులు తిట్టాడు, తర్వాత ఏమన్నాడో గుర్తుందా, నదీ ఇంతేరా, మనం పడుకుని లేచేసరికి మేట ఇంకోచోటికి జరిగి ఉంటుంది, నాలుగు తిట్లు తిట్టి కొత్త దారి వెతుక్కోవడమే మన ఉద్యోగం, అన్నాడు, గుర్తుంది, నాకెందుకు గుర్తుండదు, అన్నీ గుర్తుండేది ఈ ఇంట్లో నాకే కదా, తిట్టి కొత్త దారి వెతుక్కునే ఆ మనిషినే జ్వరం పట్టుకుపోయింది, దారులు నాకు వదిలి దారి వెతికేవాణ్ణి పట్టుకుపోయింది.

నీమియా, కొండ ఏదీ, అని వచ్చేసింది పిలుపు, కాలు ముందుకి పడబోయింది, ఫోన్‌లో డెర్లిస్ ఏడుస్తున్నాడు, అంత మనిషి వెక్కుతున్నాడు, నేనూ ఓటేశాను వదినా, నేనూ ఓటేశాను, వాణ్ణి అలా వదల్లేక ఒక్క నిమిషం అనుకున్నాను, నీమియా, రెండోసారి, గొంతు పెరిగింది, వెళ్ళి ఏం చెప్పను, ఇవాళ ఏ అబద్ధం, వరద అయిపోయింది, తప్పు దారి అయిపోయింది, డెర్లిస్ కరుంబేని బస్సులో తెస్తున్నాడని చెబుదామని రాత్రి దాచుకున్న మాట కూడా ఇప్పుడు లేదు, నీమియా, ఎక్కడున్నావు, ఒకసారి రావే, అన్నయ్య పిలుస్తున్నాడు వదినా, వెళ్ళు, వినిపిస్తోంది అన్నాను, ఫోన్ పెట్టేశాను, అయినా కాళ్ళు కదల్లేదు, గోడకి వీపు ఆనించి పిడికిలి నోట్లో కుక్కుకున్నాను, లోపల ఆవులేవి అంటున్నాడు, ఎవరితోనో, గదితో, తర్వాత ఏడుపు, ఇన్నాళ్ళూ నా భుజంమీద ఏడ్చాడు కనక అతని ఏడుపు నాకు తెలుసనుకున్నాను, ఎవరూ లేనప్పుడు ఇలా ఉంటుందని తెలీదు, మాటలు లేవు, నీళ్ళలో మునిగే జంతువులా ఉంది, వెళ్ళు, వెళ్ళవే రాక్షసీ అని నన్ను నేను తిట్టుకున్నాను, వీధిలో బస్సు వెళ్ళింది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి, అది వెళ్ళాక లోపల ఏమీ వినిపించలేదు.

కంట్రోలర్ మంచంమీద పెట్టిన చప్పుడు, చెప్పుల చప్పుడు, బీరువా తలుపు తెరిచి మూశాడు, ఎవరిదిది అని గొణిగాడు, నేను వంటింట్లోకి వెనక్కి వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను, గుమ్మంలోకి వచ్చాడు, చెంపలు తడి, ముక్కు కారుతోంది, అమ్మయ్య, ఇక్కడున్నావా, అన్నాడు, నీకోసం ఎక్కడెక్కడ వెతికాను, నాకెందుకో ఏడుపొస్తోంది నీమియా, ఎందుకు, అన్నాడు, ఇప్పుడు వెనక్కి జరుగుతాడు, గోడవైపు జరుగుతాడు, జరగలేదు, నేరుగా వచ్చి నుదురు నా భుజానికి ఆనించి బరువంతా నామీద వదిలేశాడు, ఎన్నాళ్ళ తర్వాతో అతని వెంట్రుకల వాసన, ఏడ్చినవాడి వేడి, ఎక్కడికి పోయావు, అన్నాడు, ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉన్నాను, అన్నాను, నా ఏప్రాన్‌తో మొహం తుడిస్తే తుడవనిచ్చాడు, ముక్కు కూడా తుడవనిచ్చాడు, నువ్వుంటే బాగుంటుంది, అన్నాడు, గుండె దడదడలాడ్డం లేదు, నా అరచెయ్యి అతని ఛాతీమీదే ఉంది, నెమ్మదిగా కొట్టుకుంటోంది, ఇంతేనా, ఇన్నాళ్ళూ నేను చేసింది ఇదేనా, సంగతులన్నీ జారిపోయే ఆ ఒంట్లో ఒక్క మొహం మాత్రం నిలిచింది, కొండ పోయిన నిమిషంలో పక్కనున్న మొహం, పిలవగానే పరిగెత్తుకెళ్ళి రోజూ ఆ మొహాన్ని అక్కడ పెట్టింది నేనే, కొండని ఎవరు తీసుకుపోయారో అతనికి తెలీదు, పక్కన ఎవరున్నారో ఒంటికి తెలుసు, అతనితోపాటు అక్కడ నిలబడి ఏడిస్తే, ఏడ్చాక వెతుక్కుంటూ రావడానికి అతనికి ఎవరూ మిగలరు, కొండ పోయినప్పుడు పక్కనుండేదీ, ఏడ్చాక దొరికేదీ, ఇద్దరూ నేనే కాలేను, మెషిన్ అక్కడే ఉంటుంది, సముద్రం అక్కడే ఉంటుంది, గాల్లో ఆ ఇల్లు అలాగే ఉంటుంది, రోజూ పొద్దున్నే అతను ఒక్కడే దాని ముందు నిలబడి నా పేరు పెట్టి పిలుస్తాడు, ఇది అతనికోసమో, ఈ తల నా భుజంమీద ఉండాలన్న నా ఆశకోసమో, ఎంత తవ్వుకున్నా నాకు తెలియదు, తెలిసింది ఒక్కటే, రేపు కూడా పిలుస్తాడు, నేను వెళ్ళను.